అరటిపండు వాసన ఎస్టర్: నా అనుభవం

ఆల్కహాల్, కార్బాక్సిలిక్ ఆమ్లం కలిపి వేడి చేస్తే ఎస్టర్, నీరు వస్తాయి. పుస్తకంలో ఇది ఒక్క వాక్యం. ల్యాబ్‌లో ఎస్టర్ తయారవడం తేలికే, మిగతావాటి నుంచి దాన్ని విడదీయడమే అసలు పని. అరటిపండు వాసన వచ్చే ఐసోఅమైల్ ఎసిటేట్‌ను నేను చేసే పద్ధతి రాస్తున్నాను.

15 మి.లీ. ఐసోఅమైల్ ఆల్కహాల్ (12.2 గ్రాములు, 0.138 మోల్; మోల్ అంటే అణువుల సంఖ్యకు కొలమానం), 20 మి.లీ. గ్లేషియల్ (అంటే నీరు దాదాపు లేని) ఎసిటిక్ ఆమ్లం (0.35 మోల్), చర్యను వేగవంతం చేయడానికి 4 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం తీసుకుంటాను. ఎసిటిక్ ఆమ్లం రెండున్నర రెట్లు ఎందుకంటే, ఈ చర్య రెండు వైపులా నడుస్తుంది. చర్య ఎంత దూరం నడిచి ఆగుతుందో చెప్పే సమతాస్థితి స్థిరాంకం 4 దగ్గర ఉంటుంది. మోల్‌కు మోల్ కలిపితే మూడింట రెండు వంతుల దగ్గర ఆగిపోతుంది, ఎన్ని గంటలు మరిగించినా అంతే. రెండున్నర రెట్లు పోస్తే లెక్కప్రకారం 88 శాతం ఆల్కహాల్ ఎస్టర్‌గా మారుతుంది. మరి ఆల్కహాల్‌నే ఎక్కువ పోయొచ్చు కదా? పోస్తే చిక్కే. ఆల్కహాల్ 131 డిగ్రీల దగ్గర, ఎస్టర్ 142 దగ్గర మరుగుతాయి, మామూలు స్వేదనంలో ఆ రెండూ సరిగా విడిపోవు. ఆ ఆల్కహాల్ నీళ్లలోనూ పెద్దగా కరగదు. మిగిలిపోయిన ఎసిటిక్ ఆమ్లమైతే నీళ్లతో కడిగితే పోతుంది.

100 మి.లీ. రౌండ్ బాటమ్ ఫ్లాస్క్‌లో ముందు ఆల్కహాల్, ఎసిటిక్ ఆమ్లం. సల్ఫ్యూరిక్ ఆమ్లం చివర్లో, కొద్దికొద్దిగా, ఫ్లాస్క్ తిప్పుతూ పోయాలి. తిప్పకపోతే అది అడుగున చేరి, వేడి తగలగానే నల్లబడుతుంది. లేత గోధుమ రంగు వస్తే కంగారు అక్కర్లేదు. పింగాణీ ముక్కలు వేడి పెట్టకముందే వేయాలి. మరిగే ద్రవంలో వేస్తే ఒక్కసారిగా పొంగి కండెన్సర్‌లోకి తన్నుతుంది. కండెన్సర్ నీళ్లు కింద నుంచి ఎక్కి పై నుంచి పోవాలి. ఆవిరి చల్లబడి ద్రవమయ్యే వలయం కండెన్సర్ కింది మూడో వంతు దాటకుండా మంట సర్దుకుని, గంటసేపు రిఫ్లక్స్ చేస్తాను, అంటే ఆవిరి చల్లబడి మళ్లీ ఫ్లాస్క్‌లోకే జారేలా మరిగిస్తాను.

ఈ గంటలో బయటికొచ్చే నీటిలోని ఆక్సిజన్ ఎవరిదని వైవాలో (ల్యాబ్ మౌఖిక పరీక్షలో) అడుగుతుంటారు. ఆమ్లానిదే. 1938లో రాబర్ట్స్, యూరీ బరువైన ఆక్సిజన్-18 ఉన్న మిథనాల్‌ను బెంజోయిక్ ఆమ్లంతో కలిపి చూస్తే, ఆ ఆక్సిజన్ ఎస్టర్‌లోనే మిగిలింది.

చల్లారాక మిశ్రమాన్ని సెపరేటింగ్ ఫన్నెల్‌లోకి (పొరలను విడదీసే, కాడకు స్టాప్‌కాక్ అనే కుళాయి ఉన్న గరాటు) వంచి 50 మి.లీ. చల్లటి నీళ్లతో కడుగుతాను. ఎస్టర్ సాంద్రత 0.87 కాబట్టి పై పొర అదే. అనుమానం వస్తే ఒక చుక్క నీళ్లు వేసి చూడండి, అది ఏ పొరలో కలిసిపోతే అదే నీటి పొర. చివరిదాకా ఏ పొరనూ పారబోయకండి.

తర్వాత మిగిలిన ఆమ్లం పోవడానికి 5 శాతం సోడియం బైకార్బొనేట్ ద్రావణం, ఒక్కో విడత 25 మి.లీ. ఎక్కువ దిగుబడి పోయేది ఇక్కడే. బైకార్బొనేట్ పోసి వెంటనే మూత బిగించి ఊపితే, కార్బన్ డై ఆక్సైడ్ ఒత్తిడికి మూత ఎగిరి ఎస్టర్ బల్ల మీద పడుతుంది. మూత పెట్టకుండా బుడగలు తగ్గేదాకా మెల్లగా తిప్పాలి. తర్వాత మూత పెట్టి, తలకిందులు చేసి, కాడను మనుషుల వైపు కాకుండా తిప్పి, స్టాప్‌కాక్ తెరిచి గాలి వదలాలి. ఒకసారి ఊపడం, ఒకసారి వదలడం. నీటి పొర నీలి లిట్మస్‌ను ఎర్రబరచడం మానేదాకా కొత్త ద్రావణంతో మళ్లీ కడగాలి. త్వరగా అవుతుందని సోడియం హైడ్రాక్సైడ్ వాడితే చేసిన ఎస్టరే విడిపోయి సోడియం ఎసిటేట్, ఆల్కహాల్‌గా మారుతుంది.

చివరగా 10 మి.లీ. సంతృప్త ఉప్పునీరు, ఆపైన తడి పీల్చడానికి అనార్ద్ర (నీరు లేని) సోడియం సల్ఫేట్. పొడి అంతా గడ్డకట్టకుండా కొంత విడిగా కదలాలి, ద్రవం తేటగా కనిపించాలి. తడి మిగిలితే స్వేదనంలో నీళ్లూ ఎస్టరూ కలిసి 100 డిగ్రీల లోపే మసకగా దిగుతాయి. అప్పుడు ఆ భాగాన్ని మళ్లీ ఆరబెట్టుకోవాల్సిందే.

స్వేదనంలో థర్మామీటర్ బల్బు పక్కగొట్టం అంచుకు కాస్త కింద ఉండాలి. పైన పెడితే ఆవిరి పూర్తిగా తగలక తక్కువ చూపిస్తుంది. 136 నుంచి 143 డిగ్రీల మధ్య దిగేది పడతాను. ఆల్కహాల్ మొత్తం మారితే లెక్కకు 18 గ్రాములు రావాలి, 12 వస్తే బాగా చేసినట్టే.

ఈ ఎస్టర్ ఒలికిన చొక్కాతో తేనెపట్టు దగ్గరికి మాత్రం వెళ్లకండి. కుట్టిన తేనెటీగ తోటివాటిని రెచ్చగొట్టే వాసనలో ముఖ్యమైన పదార్థం ఈ ఎస్టరే.