ఇంటర్నల్ పరీక్ష, రెండోసారి: యూనియన్‌లో ఉన్న తోటి అభ్యర్థులకు

సూపర్‌వైజర్ ప్రమోషన్ కోసం ఇంటర్నల్ పరీక్ష రాసిన మొదటిసారి, ఇంటర్వ్యూలో నన్ను పని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. బోర్డులో ఒకాయన నా సర్వీసు ఫైలు తిప్పుతూ, ముందే కాగితం ముక్క పెట్టి ఉంచిన పేజీ దగ్గర ఆగాడు. ధర్నాలో కూర్చున్నందుకు ఇచ్చిన మెమో అది. "యూనియన్‌లో తిరుగుతావంట. రేపు సూపర్‌వైజర్‌వి అయితే ఎవరి పక్కన నిలబడతావు?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. లిస్టులో నా పేరూ రాలేదు.

మాది కోవూరు. నెల్లూరులో ఒక ప్రభుత్వ రంగ సంస్థలో, స్టోర్స్‌లో అప్పుడు హెల్పర్‌ని. ఇంటికి వచ్చి రెండు రోజులు పడుకున్నాను. తర్వాత సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి నా మార్కులు అడిగాను. 30 రోజుల్లోపు ఇవ్వాలి, ఇచ్చారు. రాతపరీక్షలో 75కి 61. ఇంటర్వ్యూలో 25కి 4. దెబ్బ ఎక్కడ పడిందో అప్పుడు తెలిసింది. మీరు కూడా ఫలితం రాగానే ముందు ఈ పని చేయండి. మన జవాబు పత్రం మనం చూసుకోవచ్చని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

రాతపరీక్ష సంగతి మీకు తెలిసిందే: అర్థమెటిక్, రీజనింగ్, శాఖ నియమాలు. పాత బిన్ కార్డుల (స్టోర్స్‌లో ఒక్కో సరుకు స్టాకు లెక్క రాసే కార్డులు) వెనక ఒక్కో కార్డు మీద ఒక్కో టాపిక్ రాసి చొక్కా జేబులో పెట్టుకునేవాణ్ని. పెన్నా బ్రిడ్జి మీద బస్సు ఆగితే రెండు కార్డులు అయిపోయేవి. నైట్ డ్యూటీ దిగిన రోజు మాత్రం లెక్కలు ముట్టుకోవద్దు, బుర్రకెక్కవు.

రెండోసారి నేను ఎక్కువ టైం పెట్టింది కార్మిక చట్టాల మీద. సిలబస్‌లో దానికి ఉన్నవి పది మార్కులే. అయినా పారిశ్రామిక వివాదాల చట్టం, 1947లో అయిదో షెడ్యూల్ చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. యూనియన్ కార్యకలాపాల కారణంగా ప్రమోషన్ నిరాకరించడం అన్యాయ కార్మిక పద్ధతి అని అందులో స్పష్టంగా ఉండేది. కార్మికుల మధ్య చిచ్చు పెట్టడానికి అర్హత లేనివాళ్లకు ప్రమోషన్ ఇవ్వడం కూడా అంతే. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ రెండో షెడ్యూల్‌లోకీ ఆ జాబితా వచ్చింది. యూనియన్లు చేయకూడనివి కూడా అదే షెడ్యూల్‌లో ఉన్నాయి, అవీ చదవండి. మనవాడు కాబట్టి మార్కులు వేయమని అడగడం మన పని కాదు. రాజ్యాంగం 16వ అధికరణ యూనియన్‌లో లేని అభ్యర్థికీ సమాన అవకాశం ఇస్తోంది. మనం అడిగేది ఒకే కొలబద్ద.

కాంట్రాక్టులో ఉన్న తమ్ముళ్లు 2006 నాటి సుప్రీంకోర్టు ఉమాదేవి తీర్పు తప్పక చదవాలి. ఏళ్ల తరబడి పనిచేసినంత మాత్రాన పర్మనెంట్ చేయమని కోరే హక్కు లేదని చెప్పిన తీర్పు అది. కానీ అందులోనే, రెగ్యులర్ నియామకాలు జరిపేటప్పుడు ఆ కేసులోని దినసరి కార్మికులకు వయసు సడలించి, చేసిన సర్వీసుకు కొంత వెయిటేజీ ఇవ్వడం సముచితమని కూడా ఉంది. చాలామంది మొదటి సగమే చెప్పి మనల్ని భయపెడతారు.

ఇంకోటి, మీ ఫైలు మీరే ముందు చూసుకోండి. నేను దరఖాస్తు పెట్టి చూశాను. మెమోకి నేనిచ్చిన సంజాయిషీ అందులో లేదు! కాపీ నా దగ్గర ఉండబట్టి మళ్లీ ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకున్నాను.

రెండోసారీ అదే ప్రశ్న వచ్చింది. "సార్, స్టాకు లెక్క తేడా వస్తే తేడా అనే రాస్తాను, అది యూనియన్ వాళ్లదైనా, ఆఫీసర్లదైనా. ఇన్నేళ్లలో నా బిన్ కార్డులు ఆడిట్‌లో ఒక్కసారి కూడా తప్పలేదు, చూడండి" అన్నాను. ఆయన ఫైలు మూసి, ఇండెంట్ల (స్టోర్స్ నుంచి సరుకు కావాలని రాసిచ్చే కాగితాలు) గురించి అడగడం మొదలుపెట్టాడు. ఈసారి 25కి 17 వచ్చాయి.

నాతోపాటు రాసిన ఇద్దరికి మాత్రం మళ్లీ సింగిల్ డిజిట్ మార్కులే. ఇద్దరూ యూనియన్ కమిటీ సభ్యులే. ఇంటర్వ్యూ మార్కులు తగ్గించాలని, ధర్నా మెమోలు బోర్డు ముందు పెట్టకూడదని అందరం సంతకాలు చేసి వినతిపత్రం ఇచ్చాం. ఇప్పుడు సూపర్‌వైజర్‌నైన నేనూ సంతకం పెట్టాను. జవాబు ఇంకా రాలేదు.