ఎడమచేతి వాటానికి తోలు చెక్కే కత్తి: నాలుగు నెలల నమోదు

మార్చి 9

తోలు పని మొదలుపెట్టి ఇది ఎనిమిదో నెల. ఇప్పటికి రెండు బెల్టులు, ఐదు పర్సులు, ఒక కళ్ళజోడు సంచి పూర్తి చేశాను. కోత పనంతా 18 మిల్లీమీటర్ల కట్టర్‌తోనే సాగింది కాబట్టి కత్తి గురించి విడిగా ఆలోచించే అవసరం రాలేదు. 3 మిల్లీమీటర్ల గేదె తోలునైనా సరే, స్టీలు స్కేలు ఆనించి, ఒక్క ఊపున తెగాలని బలంగా నొక్కకుండా అదే గీత మీద రెండు మూడు సార్లు లాగితే అంచు తిన్నగా వస్తుంది. బ్లేడు మందం అర మిల్లీమీటరే కావడం అక్కడ మేలు చేస్తుంది. మూలలు గుండ్రంగా తిప్పేటప్పుడు మాత్రం ఆ పలచదనం వల్లనే బ్లేడు వంగి, కోత అడుగున లోపలికి వాలిపోతుంది. ముక్కలు విరుచుకుంటూ వాడే ఈ కట్టర్‌ను 1956లో జపాన్‌లో ఒకాడా యోషియో రూపొందించారు. చెప్పులు కుట్టేవారు గాజు పెంకును పగలగొట్టి, ఆ కొత్త అంచుతో చెప్పు అడుగు అట్టను గీకడం ఆయనకు ఆ ఆలోచననిచ్చిందట. మన చేతిలోని చవక పరికరానికి మూలం కూడా ఈ పనివాళ్ళ దగ్గరే ఉందని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది.

ఇబ్బంది పర్సు మడతల దగ్గర వచ్చింది. 1.2 మిల్లీమీటర్ల తోలును మడిచి కుట్టాలంటే, మడత పడే 10 మిల్లీమీటర్ల వెడల్పు మేర దాన్ని సుమారు 0.6 మిల్లీమీటర్లకు పలచబడేలా చెక్కాలి. కట్టర్ బ్లేడు అక్కడ నిలకడగా ఉండదు. అది తోలులోకి దిగబడి రెండు ముక్కలను పాడుచేసింది.

మార్చి 23

చెక్కడానికే అమ్మే ఏటవాలు అంచు కత్తిని 340 రూపాయలకు తెప్పించాను. వచ్చిన రోజే ప్రయత్నిస్తే, తోలు పొరగా లేవకుండా కత్తి ముందు ముడతలు పడి కుప్పగా చేరింది. ఉక్కు నాసిరకమని అప్పటికప్పుడే తేల్చుకుని, చేతితో చేసిన కత్తుల ధరలు చూడడం మొదలుపెట్టాను. జపాన్ తోలు కత్తులలో మెత్తని ఇనుముకు గట్టి ఉక్కు పొరను అతికిస్తారు, వాదర వైపుకు పలచబడే వాలు ఒక్క వైపునే ఉంటుంది, వెనుక భాగం చదునుగా ఉంటుంది. వాటి పనితనం మీద నాకు అనుమానం లేదు కానీ ధర వేలల్లో ఉంది. అలల గీతలతో మెరిసే డమాస్కస్ కత్తులు కూడా కనిపించాయి. ఇప్పుడు ఆ పేరుతో అమ్ముతున్నవాటిలో ఎక్కువ భాగం రెండు రకాల ఉక్కును పొరలుగా అతికించి, ఆమ్లంలో ముంచి గీతలు తేల్చినవి. పాతకాలపు డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చిన, మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో కరిగించి తీసిన ఉక్కు వేరు, ఈ పొరల ఉక్కు వేరు. తోలు చెక్కడానికి ఆ గీతలు ఏ విధంగానూ తోడ్పడవు కాబట్టి వాటిని పక్కన పెట్టాను.

ఏప్రిల్ 6

హన్మకొండ చౌరస్తా దగ్గర చెప్పులు కుట్టే ఒక పెద్దాయనకు ఈ కత్తి చూపించాను. ఆయన రంపె, అంటే తోలు కోసే కత్తి, ఇనుము కోసే పవర్ రంపం బ్లేడును అరగదీసి చేసుకున్నది. ఆయన నా కత్తిని వెలుతురుకు పట్టి చూసి, ఒక తోలు ముక్క ఇచ్చి చెక్కి చూపమన్నారు. నేను రెండుసార్లు లాగేసరికి ఆపేసి ఇలా అన్నారు: “కత్తి మంచిదే బిడ్డా, దీని వాదర మోటుగున్నది. అయినా ఇది కుడిచేతోళ్ళ కత్తి, నీది ఎడమ చెయ్యి కదా.”

ఎనిమిది నెలల్లో ఈ సంగతి నాకు తట్టనే లేదు. వాలు ఒక్క వైపే ఉండి, అంచు కూడా ఏటవాలుగా ఉన్న కత్తి చేతిని బట్టి మారుతుంది. కుడిచేతి కత్తిని ఎడమ చేత పడితే ఏటవాలు ఎదురు దిక్కుకు తిరుగుతుంది. పోనీ అని తిప్పి పట్టుకుంటే ఏటవాలు సరిపోతుంది కానీ, చదునైన వెనుక భాగానికి బదులు వాలు తోలుకు ఆనుతుంది. అప్పుడు పిడిని ఆ వాలు కోణం మేరకు పైకెత్తి పట్టుకోవాలి, దానితో నిలకడ పోతుంది.

ఇంటికి వచ్చి వెర్నియర్‌తో కొలిచాను. బ్లేడు మందం 3 మిల్లీమీటర్లు, చదునైన వెనుక భాగానికి సమాంతరంగా చూస్తే వాలు వెడల్పు 6 మిల్లీమీటర్లు, అంటే కోణం దాదాపు 27 డిగ్రీలు. పెద్దాయన మోటుగా ఉందన్నది దీన్నే. 20 డిగ్రీలకు తేవాలంటే వాలు వెడల్పు 8.2 మిల్లీమీటర్లు కావాలి.

ఏప్రిల్ 20

రెండు ఆదివారాలు ఈ పనికే పట్టాయి. 220 నంబరు రాయి మీద నీళ్ళు చల్లుకుంటూ వాలును వెడల్పు చేశాను. వాలు అంతటికీ స్కెచ్ పెన్ను రాసి రుద్దితే, రంగు ఎక్కడ మిగిలిందో చూసి చెయ్యి ఎటు వాలుతోందో తెలుసుకోవచ్చు. వెనుక వైపు వేలికి సన్నని గరుకు అంచు పొడవునా తగిలేదాకా ఆ రాయి మీద ఆపకూడదు. తరువాత 1000, 3000 రాళ్ళు వాడి, చివరకు ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్ పూసిన తోలు పట్టా మీద వాదర వెనక్కు ఉండేలా ఇరవై సార్లు లాగాను. వంటింటి గట్టు వేయించినప్పుడు మిగిలిన గ్రానైట్ ముక్క మీద తోలు పరిచి చెక్కితే, 340 రూపాయల కత్తి నుంచే ఉల్లిపొర లాంటి పొర లేచింది. తిప్పి పట్టుకున్న కత్తి కావడం వల్ల మందం మాత్రం ఒకచోట 0.5, ఇంకొకచోట 0.8గా తేలింది. కత్తిని నిందించడానికి ఇక మిగిలింది చేతివాటం ఒక్కటే. దాన్ని ఏ సానరాయీ సరిచేయలేదు.

మే 18

మా ఊరి కమ్మరితో ఎడమచేతి కత్తి చేయించాను. లారీ కమాను పట్టా ముక్కను కాల్చి 3 మిల్లీమీటర్లకు సాగగొట్టి, అట్టతో నేను కత్తిరించి ఇచ్చిన నమూనా ప్రకారం ఏటవాలు తీసి, నూనెలో ముంచి గట్టిపరిచి ఇచ్చారు. తుమ్మ కర్ర పిడితో సహా 900 రూపాయలు తీసుకున్నారు. అంచుకు పదును పెట్టే పని నాదేనని ముందే అనుకున్నాం.

ఇక్కడ తొందరపడ్డాను. రాయి మీద రెండు ఆదివారాలు గడపడం ఇష్టం లేక గ్రైండింగ్ చక్రం మీద పెట్టాను. ఒక నిమిషం గడిచేసరికి అంచు మీద నీలి రంగు పాకింది. ఈ రకం ఉక్కులో నీలి రంగు కనిపించిందంటే వేడి 300 డిగ్రీల దాకా పోయిందనీ, గట్టిదనం తగ్గిందనీ అర్థం. ఆకురాయి ఆనించి చూస్తే అంచు సులువుగా అరిగింది. గట్టిగా ఉన్న ఉక్కు మీదైతే ఆకురాయి పట్టు దొరకక జారాలి. పెద్దాయన రంపె విషయంలో ఈ భయం లేదు, ఎందుకంటే చాలా పవర్ రంపం బ్లేడులు హైస్పీడ్ స్టీలువి, అది అంతకంటే ఎంతో ఎక్కువ వేడికి కూడా మెత్తబడదు.

జూన్ 22

కమ్మరి దగ్గరకు మళ్ళీ వెళ్ళాను. ఈసారి గట్టిపరచడానికి ముందు, కత్తి మెత్తగా ఉండగానే వాలును ఆకురాయితో తీసి, వాదర దగ్గర అర మిల్లీమీటరు మందం మిగిల్చాను. మరీ పలచగా చేస్తే నూనెలో ముంచినప్పుడు వంకరపోయే ప్రమాదం ఉంటుంది. అయస్కాంతం అంటుకోనంత ఎర్రబడ్డాక ఇంకొంచెం కాగనిచ్చి, వెచ్చని నూనెలో ముంచాం. చల్లారాక ఆకురాయి జారింది. ఆ రోజే ఇంటి ఓవెన్‌లో 200 డిగ్రీల వద్ద గంట చొప్పున రెండుసార్లు ఉంచితే, రుద్దిన చోట లేత గడ్డి రంగు వచ్చింది. మిగిలిన అర మిల్లీమీటరు రాళ్ళ మీదనే తీశాను.

నిన్న రెండు కత్తులతోనూ ఒకే తోలు నుంచి 20 సెంటీమీటర్ల పట్టీలు చెక్కి చూశాను. చవక కత్తి ఐదు పట్టీల తరువాత తోలు పట్టా అడిగింది, కమాను కత్తి తొమ్మిది దాకా వచ్చింది. నాకు అంతకంటే విలువైన తేడా మందంలో కనిపించింది. కొత్త కత్తితో పట్టీ పొడవునా 0.55కూ 0.65కూ మధ్యనే నిలిచింది. కుడిచేతివాటం ఉన్నవారికి నేను ఈ 900 రూపాయల ఖర్చు చెప్పను. వారు 340 రూపాయల కత్తి కొని, ముందు రాళ్ళ మీద డబ్బు పెట్టాలి. నా రాళ్ళకు 1,600 అయింది, ఇప్పటిదాకా ఈ పనిలో నేను పెట్టిన ఖర్చులన్నిటిలో అదే ఎక్కువ ఉపయోగపడింది. ఎడమచేతివాటం వారు మాత్రం అట్ట నమూనా కత్తిరించుకుని నేరుగా కమ్మరి దగ్గరకు వెళ్ళవచ్చు. తిన్నటి కోతలకు నేనింకా కట్టర్‌నే వాడుతున్నాను.

పిడి నా అరచేతికి ఒక అంగుళం పొడవు ఎక్కువైంది, నెట్టేటప్పుడు మణికట్టుకు తగులుతోంది. వచ్చే ఆదివారం దాన్ని కోసి, చివర గుండ్రంగా రుద్ది, ఆరు అరల పర్సు మడతలు మొదలుపెడతాను.