గాజు మందారం: కష్టమంతా రేక అంచులోనే

గాజు పువ్వు నిజం పువ్వు కాదని కన్ను ఇట్టే పట్టేసేది రంగులో కాదు, రేక అంచులో. కరిగిన గాజు తలతన్యత వల్ల తన అంచును గుండ్రంగా, లావుగా లోపలికి లాక్కుంటుంది. మందారం రేక అంచేమో కాగితమంత పల్చన.

ఎర్ర మందారానికి వ్యాకోచ గుణకం (వేడికి గాజు ఎంత వ్యాకోచిస్తుందో చెప్పే అంకె) 104 ఉన్న సాఫ్ట్ గ్లాస్, అంటే తక్కువ వేడికే మెత్తబడే గాజు కడ్డీలు తీసుకోండి. గుణకం 33 ఉన్న బోరోసిలికేట్ గాజు వేడి తేడాలను బాగా తట్టుకుంటుంది కానీ, అందులో నిండైన ఎరుపు రాబట్టడం కష్టం. రెండూ కలిపి అతికిస్తే చల్లారేటప్పుడు అతుకు దగ్గర పగులుతుంది.

వేడి గాజు నుంచి వచ్చే పసుపు వెలుగును ఆపే డిడీమియం కళ్లద్దాలు పెట్టుకుని, 6 మిల్లీమీటర్ల కడ్డీ కొసను మంటలో ముద్దగా చేసి, చదునైన పట్టకారుతో నొక్కాలి. మంటలో ఆక్సిజన్ తక్కువైతే ఎరుపు గోధుమలోకి తిరుగుతుంది. కాస్త బిగుసుకోగానే బ్లేడుతో ఈనెలు నొక్కాలి. తర్వాత అంచు మొత్తాన్ని మళ్లీ మంటలో తిప్పారంటే అంతవరకూ చేసింది పోయినట్టే. రేకను వెనక వైపు నుంచి మాత్రమే వేడిచేసి, అంచును చిమటాతో అక్కడక్కడా లాగి అలలు తేవాలి. పూర్తయిన రేకను వెంటనే 500 డిగ్రీల దగ్గరున్న గాజు కొలిమి, అంటే కిల్న్‌లో పెట్టాలి. బయట వదిలితే పల్చని అంచు ముందే చల్లారి చీలుతుంది.

చాలామంది తప్పేది రేకల అమరికలో. మందారంలో ప్రతి రేక ఒక అంచు పక్క రేక మీద, రెండో అంచు ఇంకో రేక కింద ఉంటాయి. ఐదూ ఒకే దిశలో తిరగాలి. మధ్య నాళం మీద కేసరాలను ఒక మిల్లీమీటరు కంటే సన్నని గాజు దారంతో, సూదిమొనలాంటి మంటలో ఒక్కొక్కటీ అతకాలి. కొసన ఐదు కీలాగ్రాలు మరవకండి. రక్షక పత్రాల కింద సన్నని పచ్చ పత్రాల వరస ఇంకొకటి ఉంటుంది, అది లేకపోతే మందారం కాదు.

అనీలింగ్, అంటే గాజు లోపలి ఒత్తిడి పోయేలా వేడిలో ఉంచి మెల్లగా చల్లార్చడం, 510–520 డిగ్రీల దగ్గర. రేకలు పల్చనే కదా అని సమయం తగ్గించకూడదు, లెక్క చూడాల్సింది లావైన అతుకుని.

అన్నీ మంటలోనే అతకాలన్న పట్టుదల మాత్రం అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. లియోపోల్డ్, రుడాల్ఫ్ బ్లాష్కా అనే తండ్రీకొడుకులు జర్మనీలోని డ్రెస్డెన్ దగ్గర హార్వర్డ్ విశ్వవిద్యాలయం కోసం 780 జాతులకు దాదాపు 4,300 నమూనాలు చేశారు. అంత నిజంగా కనిపించే ఆ పువ్వుల్లో లోపల లోహపు తీగలు, జిగురు, పైన రంగులు కూడా ఉన్నాయి. జిగురును రక్షక పత్రాల వెనక దాచండి. ఎండ తగిలే చోటైతే సాధారణ ఎపాక్సీ పసుపెక్కుతుంది, అతినీలలోహిత కాంతికి గట్టిపడే గాజు జిగురు మేలు.