వేటపాలెంలో చదువు

పీహెచ్‌డీలో చేరాక చదవడం తగ్గిపోయిందంటే ఎవరూ నమ్మరు. రోజంతా పీడీఎఫ్‌ల ముందే ఉంటాను. కానీ మొదలూ చివరా చూసి, కావలసిన వాక్యం లాక్కుని ఇంకోదానికి పరిగెత్తడమే. దాన్ని చదవడం అంటారా?

వేటపాలెం సారస్వత నికేతనంలో మాత్రం ఆ పప్పులు ఉడకవు. 1918లో పెట్టిన గ్రంథాలయం ఇది. భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. పాత మహిళా పత్రిక ‘గృహలక్ష్మి’ సంచికల్లో సెర్చ్ కొట్టలేం కదా, పేజీ పేజీ తిప్పాల్సిందే. అంచులు ముట్టుకుంటే పొడి రాలుతోంది. అందుకే కాగితం కింద అరచెయ్యి పెట్టి మెల్లగా తిప్పుతున్నా.

నా టాపిక్ స్త్రీల వ్యాసాలు. కళ్ళేమో లోధ్ర ప్రకటనల దగ్గరే ఆగిపోతున్నాయి. ఆ మందు తయారుచేసిన డాక్టర్ కె.ఎన్. కేసరే 1928లో మద్రాసు నుంచి ఈ పత్రిక మొదలుపెట్టారు. ఆడవాళ్ళ చదువు మీద వ్యాసం, పేజీ తిప్పితే ఆడవాళ్ళ జబ్బులకు మందు! డిజిటల్ కాపీలో అయితే వ్యాసం ఒక్కటే దింపుకుని, ఈ పొరుగును చూసేదాన్నే కాదు. నాకిప్పుడు అసలు చాప్టర్ ఇక్కడే ఉందనిపిస్తోంది.

గైడ్ గారికి ఫోన్ చేసి ఉత్సాహంగా చెప్పా. “బాగుందమ్మా, ఇంతకీ డ్రాఫ్ట్ ఎప్పుడు పంపిస్తావ్?” అన్నారు. నెలాఖరుకన్నాను. ఫుట్‌నోట్లు కాస్త ఎక్కువే ఉంటాయని కూడా చెప్పేశా.