సహాయకుడి జ్ఞాపకానికి ఆధారం టూల్ వివరణే

కృత్రిమ మేధ సహాయకుడిని నడిపే భాషా నమూనా తన ముందున్న పాఠ్యాన్ని మాత్రమే చూస్తుంది కాబట్టి, నిన్నటి సంభాషణ నేడు దానికి తెలియాలంటే, ఆ విషయాన్ని బయట ఎక్కడో భద్రపరచి అవసరమైనప్పుడు తిరిగి దాని ముందుకు తేవాలి. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ ఇటువంటి పనులకు ఒక ఉమ్మడి పద్ధతిని ఏర్పరచింది. దానితో మాదిరిగా ఇచ్చిన మెమరీ సర్వర్, అంటే జ్ఞాపకాలను దాచి అడిగినప్పుడు తిరిగి ఇచ్చే ప్రోగ్రాము, నాకు ఎంతో నచ్చింది. వ్యక్తులు, సంస్థలు వంటివి ఎంటిటీలుగా, వాటి మధ్య బంధాలు రిలేషన్లుగా, ఒక్కొక్కరి గురించి తెలిసిన చిన్న వాస్తవాలు అబ్జర్వేషన్లుగా ఒక ఫైలులో నిలిచి ఉంటాయి. ఆ ఫైలును తెరచి తప్పును మనమే సరిదిద్దవచ్చు.

ఆ ఫైలులో చేర్చడం, వెతకడం, తొలగించడం వంటి ఒక్కొక్క పనికి సర్వర్ నమూనాకు ఒక్కొక్క టూల్‌ను అందిస్తుంది. అయితే నమూనా టూల్ లోపలి ప్రోగ్రామును చూడదు. టూల్ పేరు, దాని వివరణ, దానికి ఇవ్వవలసిన వివరాల జాబితా (స్కీమా), వీటిని మాత్రమే చదివి ఏ టూల్‌ను ఎప్పుడు పిలవాలో నిర్ణయించుకుంటుంది. అందువల్ల వివరణను ప్రోగ్రామంత శ్రద్ధగా రాయాలని నేను గట్టిగా నమ్ముతాను. ఉదాహరణకు, ఈ మెమరీ సర్వర్‌లో ఎంటిటీ ముందే లేకపోతే దానికి అబ్జర్వేషన్ చేర్చడం విఫలమవుతుంది. ఎంటిటీని తొలగిస్తే దాని బంధాలు కూడా పోతాయి. ఈ సంగతులు వివరణలో స్పష్టంగా ఉండాలి. ఏది దాచాలో చెప్పినట్టే, పాస్‌వర్డులు, ఆరోగ్య వివరాల వంటివి దాచకూడదనీ చెప్పాలి.

తెలుగువారికి మరొక జాగ్రత్త అవసరం. అక్షరాలను పోల్చి వెతికే టూల్‌కు, తెలుగు లిపిలో దాచిన పేరు ఇంగ్లీషు అక్షరాలతో అడిగితే దొరకదు. పేరును రెండు లిపుల్లోనూ భద్రపరచాలని వివరణలోనే కోరడం మేలు.