గాజు సీసాలో రూలాఫ్

అమెరికాలోని ఇథాకా వెళ్లినప్పుడు కార్నెల్ యూనివర్సిటీ యూరిస్ హాల్‌లో, గాజు సీసాలో దాచిన ఎడ్వర్డ్ రూలాఫ్ అనే పాతకాలపు హంతకుడి మెదడు చూశాను. ఊహించినదానికంటే పెద్దది. అప్పటినుంచీ ఆ మనిషి గురించే చదువుతున్నాను.

1840ల్లో అతని భార్య, పసికూతురు మాయమయ్యారు. అతనే చంపాడనుకున్నా శవాలు దొరకలేదు. అందుకని భార్యను ఎత్తుకుపోయిన నేరానికి మాత్రం పదేళ్లు ఆబర్న్ జైల్లో ఉంచారు. బయటికొచ్చాక పగలు భాషాశాస్త్రం, రాత్రి దొంగతనాలు! లోకంలోని భాషలన్నిటి పుట్టుకా కనిపెట్టానని 1869లో పకీప్సీ అనే ఊళ్లో జరిగిన భాషాపండితుల సభకు వెళ్లి, తన రాతప్రతికి 5 లక్షల డాలర్లు అడిగాడు. ఎవరూ కొనలేదు. (కొంటారా మరి!)

మరుసటి ఏడాది బింగమ్టన్‌లో ఒక దుకాణం దోచుకోబోయి అక్కడి గుమాస్తాను చంపారు. పారిపోతూ తోటి దొంగలిద్దరూ నదిలో మునిగి చనిపోయారు. ఇతన్ని పట్టిచ్చింది దుకాణంలో వదిలేసిన బూట్లు: అవి ఎడమకాలి బొటనవేలు లేని మనిషివి, ఇతనికీ ఆ వేలు లేదు. 1871 మే 18న ఉరి తీశారు.

అంత చదువున్నవాణ్ణి చంపకూడదని అప్పట్లో కొందరు పత్రికల్లో వాదించారట. నాకు కోపమొచ్చింది. ఆ గుమాస్తా ప్రాణానికి వెల కట్టేటప్పుడు అతని చదువు ఎవరైనా అడిగారా?