సరైన ఇంజినే ఆపాను, అయినా పరీక్ష తప్పాను

శుక్రవారం సాయంత్రం ఫలితం వచ్చింది. విమాన సంస్థకు ఎంపికైన ఫస్ట్ ఆఫీసర్ల (కోపైలట్ల) జాబితాలో నా నంబరు చూసుకుని చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. ఎయిర్‌బస్ ఏ320 రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) చేతిలో ఉండి కూడా మొదటిసారి సిమ్యులేటర్ పరీక్ష తప్పినవాణ్ని. సీపీఎల్ (వాణిజ్య పైలట్ లైసెన్సు) పూర్తిచేసి రేటింగ్ చేయాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నవారి కోసం, రేటింగ్ ఉండి పిలుపు కోసం ఎదురుచూస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను.

రాత పరీక్ష, సైకోమెట్రిక్, బృంద చర్చ మీకు తెలిసినవే. లెక్కలు మాత్రం నోటికి రావాలి. 140 నాట్ల గ్రౌండ్ స్పీడ్‌తో మూడు డిగ్రీల వాలులో దిగుతుంటే నిమిషానికి 700 అడుగులని తడుముకోకుండా చెప్పగలగాలి. ఇంటర్వ్యూలో నార్మల్ లా (విమానాన్ని హద్దుల్లో ఉంచే కంప్యూటర్ నియంత్రణ) మీద లోతుగా అడిగారు. పక్కకు వాలడానికి (బ్యాంక్) పరిమితి 67 డిగ్రీలే ఎందుకన్నారు. ఎత్తు తగ్గకుండా అంత వాలితే రెక్కల మీద పడే భారం 2.5 జీకి, అంటే మామూలు బరువుకు రెండున్నర రెట్లకు చేరుతుంది, విమానం దాన్ని దాటనివ్వదు. అంకె బట్టీపట్టినవారు ఆ ‘ఎందుకు’ దగ్గరే ఆగిపోతారు.

ఇక అసలు సంగతి. మొదటి ప్రయత్నంలో నాకు జోడీగా మరో అభ్యర్థిని ఇచ్చారు. నేను నడిపిన వంతు బాగా సాగింది. వీ1 (ఇక టేకాఫ్ ఆపకూడని వేగం) దాటగానే ఇంజిన్ పోయింది. తోకలోని రడ్డర్‌తో ముక్కు పక్కకు తిరగకుండా నిలబెట్టి, నెమ్మదిగా లేపి 12.5 డిగ్రీల దగ్గర పట్టుకున్నాను. రడ్డర్ ఎంత నొక్కాలో చూపే నీలిరంగు గుర్తు బీటా టార్గెట్‌ను మధ్యకు తెచ్చాను. 400 అడుగులు దాటాకే ఈకామ్ (లోపాన్ని, చేయాల్సిన పనుల్ని తెర మీద చూపే వ్యవస్థ) చర్యలు మొదలుపెట్టమన్నాను. గెలిచేశాననుకున్నాను.

తర్వాత వంతులో అతను నడిపాడు, నేను పైలట్ మానిటరింగ్, అంటే గమనిస్తూ స్విచ్‌లు చూసుకునేవాణ్ని. ఒకటో ఇంజిన్ పోయింది. ఈకామ్ తెర మీద ఇంజిన్ మాస్టర్ 1 ఆఫ్ అనే వరుస, అంటే ఆ ఇంజిన్ స్విచ్ ఆపమని వచ్చింది. థ్రస్ట్ లివర్ల (ఇంజిన్ శక్తిని మార్చే మీటల) వెనక రెండు ఇంజిన్ల మాస్టర్ స్విచ్‌లు పక్కపక్కనే ఉంటాయి, పైకి లాగితే గాని కదలవు. చేయి వేసి ‘కన్ఫర్మ్?’ అన్నాను, అంటే సరైన స్విచ్చేనా అని నడిపేవారిని అడగడం. అన్న ఊపులోనే లాగి ఆపేశాను. అతను అప్పటికింకా ఎదుటి తెర మీదే చూపు నిలిపి విమానాన్ని నిలబెట్టుకుంటున్నాడు. నా చేతి వైపు తిరగనే లేదు.

నేను ఆపింది సరైన స్విచ్చే. విమానం క్షేమంగా దిగింది. అయినా తప్పాను.

పరీక్షకుడు కోప్పడలేదు. ‘మీరు అడిగింది ప్రశ్నే అయితే జవాబు ఎక్కడ?’ అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అన్యాయం జరిగిందనే అనుకున్నాను. మర్నాడు పాత ప్రమాద నివేదికలు తీశాను. 1989 జనవరిలో ఇంగ్లండ్‌లోని కెగ్‌వర్త్ దగ్గర కూలిన బోయింగ్ 737లో దెబ్బతిన్నది ఎడమ ఇంజిన్, ఆపింది కుడి ఇంజిన్. 47 మంది పోయారు. 2015 ఫిబ్రవరిలో తైపేలో ట్రాన్స్ఏషియా ఏటీఆర్ 72కు రెండో ఇంజిన్ శక్తి పోతే, బాగా పనిచేస్తున్న ఒకటోదాన్ని ఆపారు. 43 మంది పోయారు. ఆ కాక్‌పిట్లలో కూర్చున్నవారికి నాకంటే ఎన్నో రెట్లు అనుభవం ఉంది. అప్పుడు గాని నా అన్యాయం అన్న మాట నోట్లోంచి పోలేదు.

ఆ రోజు నుంచి సాధన మార్చాను. గోడకు కాక్‌పిట్ పోస్టరు అతికించి, ఫోనులో జోడీని పెట్టుకుని, రోజూ రెండు గంటలు. నేను ‘కన్ఫర్మ్?’ అంటాను. అవతలివారు కావాలని ఆలస్యం చేస్తారు. ఒక్కోసారి ‘కాదు’ అంటారు. జవాబు వచ్చేదాకా వేలు కదలకూడదు. మొదటి వారం నావల్ల కాలేదు. కాగితం మీది స్విచ్‌నే ఆగి తాకలేనివారు, చెమటలు పట్టే వేళ నిజమైనదాని ముందు ఆగలేరు. సెలవు రోజున కూడా మానకండి. మూడ్ లేదన్న మాట మన వృత్తిలో చెల్లదు.

ఉద్యోగం రాకముందే రేటింగ్ ఎందుకు చేశావని చాలామంది నిలదీశారు. ఆ నిర్ణయం తప్పు కాదని ఇప్పటికీ అంటాను. నేను దరఖాస్తు పెట్టిన ప్రకటనలన్నీ రేటింగ్ ఉన్నవారికే. ఆ ఒక్క రేటింగ్‌తో ఏ318 నుంచి ఏ321 దాకా నడపవచ్చు. ఏ330కి మారాలన్నా చిన్న కోర్సు సరిపోతుంది. అదే 737కు మారాలంటే మొత్తం కోర్సు మళ్లీ చేయాలి. కాబట్టి ఏ సంస్థ ఏ విమానాలు నడుపుతోందో చూసుకున్నాకే డబ్బు కట్టండి. రేటింగ్ చేసి ఇంట్లో కూర్చుంటే మాత్రం చేయి మొద్దుబారుతుంది. ప్రయాణికులతో ఎగరాలంటే 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు ఉండాలన్న నియమం ఊరికే పెట్టలేదు. గంటల విషయంలో దేశాన్ని బట్టి నియమాలు మారతాయి. 2009లో బఫెలో దగ్గర జరిగిన విమాన ప్రమాదం తర్వాత అమెరికాలో 2013 నుంచి ఫస్ట్ ఆఫీసరుకు కూడా ఏటీపీ (సీపీఎల్‌కు పై స్థాయి లైసెన్సు) కావాలి, అంటే మామూలుగా 1500 గంటలు. చాలా చోట్ల 200 గంటల సీపీఎల్‌కు రేటింగ్ తోడైతే కుడి సీటు, అంటే కోపైలట్ ఉద్యోగం దొరుకుతుంది.

రెండో ప్రయత్నంలోనూ అదే వైఫల్యం ఇచ్చారు, ఈసారి రెండో ఇంజిన్. మాస్టర్ స్విచ్ మీద చేయి పెట్టి ‘కన్ఫర్మ్?’ అన్నాను. నా జోడీ పలకలేదు. గాలి కుదుపులు పెట్టారు, ఆమె హెడింగ్ (విమానం వెళ్లే దిశ) సరిచేసుకుంటోంది. మళ్లీ అడిగాను. ఆమె తల తిప్పి నా వేళ్లు ఏ స్విచ్ మీద ఉన్నాయో చూసి ‘కన్ఫర్మ్డ్’ అంది. అప్పుడు లాగాను.

వచ్చే వారం లాగ్‌బుక్ పరిశీలన, ఆ తర్వాత లైన్ ట్రెయినింగ్ (మామూలు ప్రయాణాల్లోనే శిక్షణ). అంతవరకు నా సాయంత్రాలు ఖాళీయే. సాధనకు జోడీ లేనివారు రాయండి, ఫోనులో అవతలి పైలట్‌గా నేనుంటాను.